మడత విప్పని శాలువా

పోచంపల్లి శాలువా మడత విప్పకుండానే లావోస్ దేశం చూసి మన్సూరాబాద్ ఇంటికి తిరిగొచ్చింది.

పెట్టెలో అది కంటపడగానే సంధ్యారాణికి మళ్లీ ఒళ్లు మండింది.

"ఏంది బిడ్డా, అక్కడి హెడ్మాస్టరుకు కప్పుతనంటివి కద?" అన్నాడు తండ్రి మట్టయ్య. దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి దాన్ని ఏరికోరి కొన్నది ఆయనే.

"మనిషి కనబడితే గద నాయినా కప్పేది! పది రోజులు క్లాసు చెప్పిన. ఒక్క రోజన్న వచ్చి కూసోలే."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక శిక్షణ సంస్థ ఉంది. అందులో టీచర్లకు పాఠాలు చెప్పే టీచరు సంధ్యారాణి. ఈ ఏడు ఆ సంస్థ ఆమెను లావోస్ కొండల్లోని ఒక బడికి పంపింది. పొద్దున చుట్టుపక్కల ఊళ్ల టీచర్లకు ఇంగ్లీషు చెప్పే పద్ధతులు నేర్పడం, మధ్యాహ్నం నుంచి గుళ్లు, జలపాతాలు, సంతలు చూడటం. ఆమె విమానమెక్కడం అదే మొదలు.

అంతా బాగానే ఉంది, ఆ హెడ్మాస్టరు తప్ప.

హాజరు పట్టీలో మొదటి పేరు ఆయనదే. ఖాంఫోన్. ఎదురుగా పది రోజులూ ఆబ్సెంట్.

ఎక్కడని అడిగితే టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల వంచేవాళ్లు. పై అధికారి అంటే భయం మన దగ్గరేనా, అక్కడా ఉన్నదే అనుకుందామె.

"మరి నిన్ను ఊర్లు తిప్పిందెవరు?"

"వ్యాన్ డ్రైవరు. ముసలాయన. బస్టాండుల దిగంగనే నా పెట్టె అందుకున్నడు."

మట్టయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాడు మరి.

"ఘాట్ రోడ్డా?"

"ఆ. పక్కనే లోయ. చీకటితోనే లేచి ఊరూరు తిరిగి టీచర్లను ఎక్కించుకొచ్చేటోడు. క్లాసయినంక వాళ్లను దింపి, నన్ను తీస్కపోయేటోడు."

"క్లాసు నడిచేటప్పుడు పండుకునేటోడా పాపం?"

"యాడ? కిటికీ కాడ నిలబడి వినుకుంట ఉండేటోడు. డిస్టర్బ్ అయితున్నదని బండి కాడ కూసొమ్మన్న."

"తిన్నడా లేదా అడిగినవా?"

సంధ్యారాణి పెట్టెలోకి వంగింది.

"పేరేంది?"

"తెల్వదు నాయినా. అంకుల్ అనేదాన్ని."

మట్టయ్యకు తన బస్సు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లలో ఆయన పేరు అడిగిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు.

"పోనీ, ఫొటో చూపియ్."

ఫోన్‌లో మూడు వందల ఫొటోలున్నాయి. ముసలాయన ఒక్కదాంట్లోనూ లేడు.

"అన్నీ తీసింది ఆయననే" అంది నెమ్మదిగా. తండ్రి మొహం చూసి వెంటనే, "కాని ఒకటి నాయినా, ఆ దేశంల డ్రైవరు ఎదురొస్తే సంతల ఆడోళ్లు సుత లేచి దండం పెడ్తరు. నా కండ్లార చూసిన" అంది.

"నిజమా?" మట్టయ్య మొహం వెలిగిపోయింది. "మంచి దేశం బిడ్డా!"

ఈ ముచ్చట ఆమె డైరీలో కూడా రాసుకుంది. మరునాడు ఆఫీసులో చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం రిపోర్టు ముందేసుకుని కూర్చుంది. చివరి గడిలో 'హెడ్మాస్టరు సహకారం' అని ఉంది. హెడ్మాస్టరు క్లాసుకు రాని బడికి ఆ తర్వాత శిక్షణ ఉండదని సంస్థ రూలు. టీచర్ల మొహాలు గుర్తొచ్చి ఆమె వేళ్లు ఆగాయి. ఆ అమాయకులు చివరి రోజు చేతులు పట్టుకుని, మళ్లీ రమ్మని ఎంతగా బతిమాలారో!

"జర ఆగు బిడ్డా. ఆయనకేం కష్టమొచ్చెనో. ఒక ఫోన్ చేసి అడుగు" అన్నాడు మట్టయ్య.

"పది రోజులు మొహం చూపియ్యనోనికి నేను ఫోన్ చెయ్యాల్నా?"

'శూన్యం' అని కొట్టి పంపేసింది.

మూడు వారాల తర్వాత ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతుంటే సంస్థ డైరెక్టర్ ధనరాజ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ రిపోర్టు చూసి ఆ బడి పేరు కొట్టేసిన్రు. ఇంగ మూడేండ్ల దాక లిస్టుల రాదు."

"సార్, టీచర్లు మంచోళ్లు సార్. ఇంకోపారి అడిగి..."

"సంతకాలైపోయినయ్ మేడమ్."

గెలిచినట్టు అనిపించాలి కదా. అనిపించలేదు. తప్పు ఒకడిదైతే దెబ్బ ఇంకెవరికో తగిలిందని మనసంతా పాడైంది.

ఇంటికొచ్చేసరికి మట్టయ్య చేతిలో పొడుగాటి పార్సిల్ ఉంది. విప్పితే ఆమె గొడుగు. అక్కడే ఎక్కడో పోయిందనుకుని వదిలేసినది. కర్రకు చుట్టి ఒక ఉత్తరం.

కూడబలుక్కుని రాసిన ఇంగ్లీషును ఆమె తెలుగులో చదివి వినిపించింది.

"మేడమ్, గొడుగు వ్యాన్‌లో మరిచిపోయారు. మీరు తీరిగ్గా చూసిన జలపాతం దగ్గర ఇప్పుడు నీళ్లు ఇంకా బాగున్నాయి. కిటికీ దగ్గర విన్నంతవరకు మీ పాఠాలన్నీ నోట్సు రాసుకున్నాను. తెలిస్తే మీరు నొచ్చుకుంటారని, మావాళ్లను ఏమీ చెప్పొద్దన్నాను. వచ్చే ఏడు ముందుగానే ఒక డ్రైవరును మాట్లాడి పెడతాను. అప్పుడు లోపల కూర్చుని వింటాను."

"గా డ్రైవరే రాసిండా!" మట్టయ్య సంబరంగా ముందుకు వంగాడు. "కింద పేరన్న రాసిండా బిడ్డా?"

రాశాడు, నీలం సిరాతో, బడి గుండ్రటి ముద్ర పక్కన: ఖాంఫోన్, హెడ్మాస్టర్.