పదిహేను వందల ఊపులు

పొద్దున ఆరింటికే ముసలాయన పంపు కొట్టడం మొదలుపెట్టాడు. ఇవాళ లెక్క తగ్గకూడదు. ఇవాళ ఇంజనీరు వస్తున్నాడు.

పంపు పెట్టి పద్నాలుగు నెలలైంది. ఒక సేవాసంస్థ వాళ్లు పెట్టారు. హ్యాండిల్ లోపల అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి బిగించారు. హ్యాండిల్ ఎన్నిసార్లు ఊగిందో అది లెక్కపెట్టి, ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్నవాళ్లకి ఏ పూటకాపూట చేరవేస్తుంది. పేదల దాహం కొలవడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదట. పేదల మొహం చూసే శ్రమ కూడా తప్పుతుంది.

రోజుకు పదిహేను వందల ఊపులు దాటాలి. దాటితే ఆ ఊరు బాగుపడుతున్నట్టు. బాగుపడే ఊరికే గురువారం గురువారం నర్సు వ్యాను వస్తుంది.

కింది పేటలో హ్యాండిల్ విరిగింది. బాగు చెయ్యమని వాళ్లు ఉత్తరం రాశారు. చల్లటి గదిలో సున్నా కనబడింది. 'ప్రజల్లో ఆసక్తి లేదు' అని రాసుకుని, వ్యాను కూడా ఆపేశారు. ఉత్తరం ఎవరూ విప్పలేదు.

ముసలాయన కోడలికి తొమ్మిదో నెల. కాళ్ల వాపు, బీపీ. వ్యాను రాకపోతే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన భార్యని తలుపు చెక్క మీద పడుకోబెట్టి నలుగురు ఆస్పత్రికి మోశారు. సగం దారిలో నడక తగ్గించారు. ఇక తొందర లేకపోయింది.

పంపు దగ్గర వీధి మొత్తానికీ వంతులున్నాయి. ఎవరి వంతు వాళ్లు కొట్టుకుంటారు. మంచాన పడ్డవాళ్ల వంతు ముసలాయన కొడతాడు.

"ఏం బావా, పెళ్లికొడుకులా తల దువ్వావు?" అంది మూలింటి ముసలమ్మ.

"వాళ్లు నన్ను చూడ్డానికి రావట్లేదే. డబ్బాని చూడ్డానికి వస్తున్నారు."

పదింటికి తెల్ల జీపు వచ్చింది. ఇంజనీరు కుర్రాడు, ఫొటోలు తీసే అమ్మాయి దిగారు. ఇద్దరి చొక్కాల మీదా 'మీతోనే మేము' అని ఉంది. ఇద్దరి చేతుల్లోనూ నీళ్ల సీసాలున్నాయి.

ఇంజనీరు పంపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. గచ్చు చూసి మురిసిపోయాడు.

"మిగతా ఊళ్లల్లో పంపు దగ్గర బురద, దోమలు, తోపులాట. ఇక్కడ చూడు, చుక్క వృథా లేదు! ఎలా సాధించారు తాతగారూ?"

"అలవాటైపోయింది బాబూ."

"ఇంట్లో మగవాళ్లెవరూ కనబడరేం?"

"కొడుకున్నాడు. మోతపని. పొద్దున్నే పోతే ఎండెక్కాక గానీ రాడు."

ఇంజనీరు ట్యాబు తీశాడు. "మీ పంపు గీత చూస్తే మా ఆఫీసులో అందరికీ కడుపు నిండిపోతుంది. పొద్దున లేస్తుంది, మధ్యాహ్నం పడుకుంటుంది, సాయంత్రం మళ్లీ లేస్తుంది. ఊపుకి అర లీటరు చొప్పున రోజుకు ఏడు వందల యాభై లీటర్లు!"

"అంతా మీ చలవే."

కుర్రాడి వేలు ఒకచోట ఆగింది. "మొన్న మంగళవారం తొమ్మిది వందలే ఉందేం?"

ముసలాయన తుండు భుజం మీదకి సర్దుకున్నాడు. "ఆ రోజు నాకు జ్వరం బాబూ."

"మీకు జ్వరమొస్తే ఊరంతా నీళ్లు తాగడం మానేసిందా?"

వీధిలో ఎవరూ కదల్లేదు. కోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది.

మూలింటి ముసలమ్మ ముందుకొచ్చి రెండు చేతులూ కుర్రాడి ముక్కు కింద పెట్టింది. "చూడు నాయనా, ఈ వేళ్లు ముడుచుకుంటాయా? సగం వీధికి ఆయనే కొడతాడు. ఆయన మంచమెక్కితే మాకెవరు కొడతారు? నువ్వొచ్చి కొడతావా?"

ఇంజనీరు కళ్లు చెమర్చాయి. 'ఒక వృద్ధుడి నిస్వార్థ సేవ' అని రాసుకున్నాడు.

ఫొటోల అమ్మాయి కెమెరా ఎత్తింది. "తాతగారూ, నీళ్లు ధారగా పడుతుండగా ఒకటి తీసుకుంటాను."

"పొద్దుట్నుంచీ కొడుతూనే ఉన్నాం తల్లీ. ఊరాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"చాలాసేపు పడుతుందమ్మా. మీరు ఉండలేరు."

నిజమే, ఉండలేరు. మధ్యాహ్నం ఇంకో ఊరిని ఉద్ధరించాలి. పంపు పక్కన నిండు బిందెలు వరసగా ఉన్నాయి. ఆ అమ్మాయి కోడలిని వాటి మధ్య నిలబెట్టింది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి పొట్ట మీద వేయించింది. నవ్వమంది. కోడలు నవ్వింది.

జీపులోంచి రేకు పలక దిగింది. దాని మీద 'ఆదర్శ పంపు' అని ఉంది. డ్రైవరు దాన్ని స్తంభానికి బిగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మరి వ్యాను బాబూ?"

"ఈ గురువారం వచ్చేస్తుంది. ఇంకో రెండేళ్లు ఢోకా లేదు. మీరు ఇలాగే వాడుతూ ఉండండి, చాలు."

ఇంజనీరు సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. వేడెక్కిపోయాయని మిగతావి గచ్చు మీద పారబోసి జీపెక్కాడు. ముసలాయన ఆ తడి ఆరేదాకా దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.

"మామయ్యా, గండం గడిచిందిగా. ఇవాళ్టికి కూర్చోండి," అంది కోడలు.

"ఇంకా నాలుగు వందలున్నాయమ్మా."

కొండ అవతలి వాగు నుంచి కొడుకు కావిడితో నీళ్లు మోసుకొచ్చి గుమ్మంలో దించుతుంటే, ముసలాయన వెళ్లి, బిగించిన పన్నెండో రోజు నుంచి ఒక్క చుక్కయినా రాల్చని ఆ పంపుని మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.