బూట్లు విడవని డానియేలు

"బూట్లు ఇడిసి లోపటికి రా."

గుమ్మంలో నిలబడి రుక్మాబాయి అన్న మొదటి మాట అది.

పెయింటర్ డానియేలు తన బూట్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఇడ్వనక్కా. నా అలవాటు గట్లనే," అన్నాడు.

రుక్మాబాయికి ఒళ్లు మండింది. కార్వాన్‌లోని ఆ ఇంట్లోకి చెప్పులతో వచ్చిన మనిషి ఇంతవరకు లేడు. కానీ పెళ్లిళ్ల రోజుల్లో పెయింటర్లు దొరకడం గగనం. పళ్లు నూరుకుని పక్కకు జరిగింది.

షుగర్ అని తెలిసిన రోజు నుంచి ఆమె భర్త గోవర్ధన్ గోడకు మొహం తిప్పుకుని పడుకున్నాడు. పాల దుకాణం తమ్ముడికి అప్పగించాడు. కోవాతో పాటు బతుకే పోయినట్టు మూలుగుతున్నాడు. రోజంతా చూసేది గోడనే అయినప్పుడు ఆ గోడైనా కళగా ఉండాలని రుక్మాబాయి పంతం.

"పొద్దున లేచి నడువుమని డాక్టర్ సాబ్ మొత్తుకుండు. నెలకు తగ్గకుంటె సూదులే అన్నడు. లే," అంది.

"నేను పోను. ఉత్తగ నడిస్తె గల్లీల ఏమంటరు? గోవర్ధన్‌కు షుగరట అని నవ్వుతరు."

చక్కెర లేని చాయ్ గ్లాసును పక్కకు నెట్టేశాడు.

డానియేలు అంతా చూశాడు. ఇంట్లో సామానంతా వరండాలో పెట్టించి, స్టూలెక్కాడు.

కాసేపటికి పిలిచాడు. "అన్నా, గోడ రుద్దె రెగ్మాల్ కాగితం లేదు. పురానాపూల్ కాడ రామలింగయ్య దుకాణంల తీసుకరా."

"నేనా?"

"నేను దిగితె గోడకు పూసిన లప్పం ఎండిపోతది."

స్కూటర్ తీద్దామంటే దానికి అడ్డంగా మంచం, బీరువా, సోఫా. అలా పెట్టించింది డానియేలే.

"మూలమీద దుకాణం ఉన్నది గదా, గంత దూరమెందుకు?" అంది రుక్మాబాయి.

"గాడ మంచి మాల్ దొరకదక్కా. అన్నా, చెప్పులు మరువకు."

గోవర్ధన్ సణుక్కుంటూ వెళ్లాడు. తిరిగొచ్చి కూర్చున్నాడో లేదో, స్టూలు మీద నుంచి మళ్లీ వినిపించింది.

"అన్నా, బ్రష్ చెప్పుడు మర్చిన."

ఇక రోజూ అదే వరస. పొద్దున తెల్లరంగు గుర్తొస్తే, సాయంత్రం పసుపు గుర్తొచ్చేది. రెండూ ఒకేసారి గుర్తొచ్చిన పాపాన పోలేదు.

"మతిలేని మనిషి. పైంగ సోమరి. ఆ దుకాణంల కమీషన్ గూడ ఉంటది," అని రుక్మాబాయి తీర్పు చెప్పేసింది.

సాయంత్రం అతను వెళ్లబోతుంటే, అతను చూస్తుండగానే, బూట్ల గుర్తులన్నీ ఫినాయిల్‌తో కడిగేది. దేవుడి మూలకు రంగు వేయనివ్వలేదు. డానియేలు చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

గోవర్ధన్ మాత్రం గల్లీలో డబ్బా ఊపుకుంటూ నడిచేవాడు.

"ఏం భాయ్, ఎటు?" అని ఎవరైనా అడిగితే డబ్బా ఎత్తి చూపేవాడు. "ఇంటికి రంగులేపిస్తున్న. మస్తు పని."

ఇంటికొచ్చాక ఆకలి దంచేసేది. పేచీ లేకుండా జొన్నరొట్టె తిని, గోడ వైపు తిరగకముందే నిద్రపోయేవాడు.

మూడు వారాలకు పని అయిపోయింది. డానియేలు స్టూలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. చాయ్ తాగి పొమ్మని కూడా రుక్మాబాయి అనలేదు.

డాక్టర్ ఇచ్చిన నెల గడువు ముగిసింది. రిపోర్టు చూసి డాక్టర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"బాగా తగ్గింది. సూదులు అక్కర్లేదు. ఏం చేశారు?"

"ఏం చెయ్యలే సార్. ఇంటికి రంగులేపిచ్చిన," అన్నాడు గోవర్ధన్.

సంతోషం పట్టలేక దంపతులిద్దరూ వస్తూ వస్తూ రామలింగయ్య దుకాణం దగ్గర ఆగారు. దేవుడి మూలకు రంగు కొనాలి.

"ఈసారి ఏమేం గావాల్నో అన్నీ చెప్పు గోవర్ధన్ అన్నా. ఒక్కపారే ఇస్త," అని రామలింగయ్య నవ్వాడు.

"అంటె?"

"నువ్వు బయల్దేరంగనే డానియేలు ఫోన్ చేస్తుండె. 'అన్నకు ఒక్కటే ఇయ్యి, రెండోది అడిగితె లేదను' అని. బ్రష్‌లు, రెగ్మాల్ ఆయన సంచి నిండ ఉంటయి."

రుక్మాబాయి అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. "గది సరే. మరి ఇంట్ల బూట్లెందుకు ఇడ్వలే?"

రామలింగయ్య నవ్వు ఆగిపోయింది.

"ఇడిస్తె ఎట్ల నిలబడ్తడక్కా? ఆయనది గూడ షుగరే. ఉత్తకాళ్లతోని తిరుగుతుంటె కాల్ల ఇనుప మొల దిగింది. కాలు మొద్దుబారి తెల్వనే లేదు. ఎడమ కాలు వేళ్లన్నీ తీసేసిండ్రు. బూటుల గుడ్డలు కూరుకొని నడుస్తడు. 'నన్ను నడువుమని చెప్పినోళ్లు మస్తుమంది, నడిపిచ్చినోళ్లే లేకుండిరి' అంటుండె."

"ఇప్పుడు యాడున్నడు?"

"పని బంద్ చేసి జహీరాబాద్‌ల బిడ్డ కాడికి పోయిండు. ఫోన్ గూడ కలుస్తలేదు."

రుక్మాబాయి సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. చేతులకు ఫినాయిల్ వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది.

ఆటో పిలుద్దామని చూసేసరికి గోవర్ధన్ అప్పటికే నడక మొదలుపెట్టాడు. డబ్బా ఆమె పట్టుకుంది. అతనివి ఉత్త చేతులు.

"ఏం భాయ్, ఎటు?" గల్లీ మొదట్లో ఎవరో అడిగారు.

"షుగరున్నది భాయ్. నడుస్తున్న," అన్నాడు గోవర్ధన్.

ఇంటి ముందుకొచ్చి, అలవాటుగా చెప్పులు విడవబోయాడు.

"ఇడ్వకు," అంది రుక్మాబాయి కళ్లు తుడుచుకుంటూ. "వేస్కొనే లోపటికి రా."