పిలిస్తేనే వచ్చేది

ఆ ఉదయం ఆసుపత్రి ఇంజనీరమ్మ చేయాల్సినవి మూడు: రకరకాల డిస్కులు చదివిపెట్టే మాడ్యూళ్లలో వాడనివి సర్వర్‌ను నడిపే మూల ప్రోగ్రామైన కెర్నెల్ నుంచి తీసేయడం, సర్వర్‌ను మళ్ళీ ఆన్ చేయడం, కుర్చీలో ఎప్పుడూ కనబడని ఆయా అనవసరమన్న కాగితం మీద సంతకం పెట్టడం.

రెండు పూర్తయ్యాయి. పెన్ను తీసేసరికి ఆయా పాత డిస్కుతో పరుగున వచ్చింది.

"పేషెంటును బల్లమీద పడుకోబెట్టేశారమ్మా. పాత స్కాన్ ఇందులోనే ఉందట."

డిస్కు పెడితే, అందులో ఫైళ్లు అమర్చిన పద్ధతి, ఆ ఫైల్ సిస్టమ్, తనకు తెలియదంది సర్వర్. ఇంజనీరమ్మ తన సీనియర్‌కి ఫోన్ చేసింది.

"దాని మాడ్యూల్ పొద్దున నేనే తీసేశాను సార్. వారం రోజులు చూశాను, నడుస్తున్న వాటిలో ఒక్కసారీ లేదు."

"ఎలా ఉంటుంది తల్లీ? అలాంటి డిస్కు పెడితేనే కెర్నెల్ పిలుస్తుంది. పనయ్యాక దించేస్తాం. నువ్వు తొంగిచూసినప్పుడల్లా హాజరు పలకడానికి అదేమన్నా బడిపిల్లా? బ్యాకప్‌లో ఉంది, పెట్టు."

పెట్టింది. స్కాన్ తెరుచుకుంది.

"డిస్కు తీసుకో పిన్నీ" అంటూ వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఎవరో పిలిచినట్టున్నారు, వరండా చివర చక్రాల కుర్చీ తోసుకుపోతోంది ఆయా.

కాగితం మీద అప్పటికే రెండు సంతకాలున్నాయి. మూడోదానికి వదిలిన చోట ఆమె, "నేను సరిగా చూడలేదు" అని రాసింది. తన ఒక్క మాట ఆ రెండింటికీ ఎదురు నిలుస్తుందో లేదో ఆమెకు తెలియదు.

మీరెప్పుడైనా ఆసుపత్రి వరండాలో ఖాళీ కుర్చీ చూస్తే, ఆ ఆయమ్మను ఒక్కసారి తలుచుకోండి.