పాత కథే కావాలి

"మొత్తం ఖరాబ్ చేసిండ్రక్కా! కథకు కథనే ఖరాబ్ చేసిండ్రు!"

ఒక చెప్పు గుమ్మంలో, ఇంకో చెప్పు వాకిట్లో విసిరేసి మహేందర్ లోపలికొచ్చాడు. వికారాబాద్‌లో రైలెక్కినప్పుడు ఉన్న కోపం తాండూరులో దిగేసరికి చల్లారాల్సింది. ఇంకా రాజుకుంది. అక్క అంబిక మంచమ్మీద కూర్చుని ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పేపర్లు దిద్దుతోంది.

"ఏమైందిర? నీళ్లు తాగుతవా?"

"నీళ్లు గీళ్లు వద్దు! మన ఏడుకోటల ఆట లేదూ? చిన్నప్పుడు మామోళ్లింట్ల టీవీకి వీడియోగేమ్ క్యాసెట్ పెట్టి ఆడలే? గదాన్నే మళ్ల కొత్తగ చేసి ఇడిసిండ్రు. రీమేకంట, రీమేక్!"

"మంచిగ లేదా?"

"బొమ్మలు మస్తుగున్నయ్. గడ్డి ఊగుతది, నీళ్లు నిజం నీళ్ల లెక్కనే ఉన్నయ్. ఏం జేసుకోవాలె? బావికాడ ముసలమ్మ ఏది? తొవ్వల తినుమని రెండు జొన్నరొట్టెలు కట్టిచ్చేది సూడు, గామె. గిప్పుడు గామె కత్తులమ్ముతున్నది!"

అంబిక చేతిలో ఎర్రపెన్ను ఆగింది.

"రాక్షసుడు రాజుకు సొంత తమ్ముడు గదా. ఆస్తిల పాలు పంచుకునే కాడ లొల్లయి అడివిల వడ్డడు. గిండ్ల తమ్ముడు లేడు, పాలు లేవు. వాడు ఊకెనే రాక్షసుడట! ఎవడన్న ఊకెనే రాక్షసుడైతడా?"

"గట్లెందుకు మార్చిండ్రో ఏమో. ఇడిసెయ్యిరాదుర."

"ఇడిసిపెట్టుడా? ఇంక ఇను. ఆట షురువుల్నే హీరో పిలగాని అమ్మ సచ్చిపోయిందంట! మన ఆటల గట్ల లేదు గదక్కా. అమ్మ ఏడో కోట అవతల ఉంటది. ఆఖరుకు వాపసొస్తది, కొడుకును ఎత్తుకుంటది. గందుకే గద రోజంత ఆడేటోన్ని! మనకైతే రాలే. గా ఆటలనన్న వచ్చేది. గది గూడ గుంజుకున్నరు దొంగలు!"

చివరి మాటతో పాటే గోడను ఒక్క గుద్దు గుద్దాడు. గోడకేమీ కాలేదు. చెయ్యి ఊదుకుంటూ మళ్లీ అందుకున్నాడు.

మహేందర్‌కు పాత ఆటల మీద ఒక యూట్యూబ్ ఛానల్ ఉంది. అందులో గంటసేపు ఈ కొత్త ఆటను తిట్టిపోశాడు. చూసినవాళ్లు పగలబడి నవ్వారు. ముసలమ్మ పాత ఆటలోనూ కత్తులే అమ్మేదని, అమ్మ అందులోనూ మొదట్లోనే చనిపోయిందని పాత వీడియోలు తెచ్చి పెట్టారు. ఇతనికి జొన్నరొట్టె అన్న అని పేరు కూడా పెట్టారు.

"పాత వీడియోలల్ల గూడ గట్లనే ఉన్నదా?" అంబిక తల ఎత్తకుండా అడిగింది.

"గవన్నీ ఎడిటింగ్ జేసినయ్! నేను చాలెంజ్ జేసిన. నా మాట అబద్ధమైతే ఛానలే బంద్ జేస్త అన్న. ఏడేండ్ల కష్టమక్కా గది. మా అక్క ఇంగ్లిష్ టీచర్, చిన్నప్పుడు తెర మీది ఇంగ్లిషంత అక్షరం అక్షరం సదివి చెప్పింది, ఐదింటికి లైవ్‌ల ఆమెనే చెప్తది అన్న."

గోడ గడియారం ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"నన్నొక మాట అడగొద్దార?" అంబిక పేపర్లను మంచమ్మీదికి విసిరింది. "నీ నోటికొచ్చింది నువ్వంటవ్, సాక్ష్యం నేను చెప్పాల్నా?"

"నిజం చెప్పనీకి అడిగేదేముంది?"

"ఆట కోసం గింత లొల్లా? బంద్ జెయ్యి. లైవ్ వద్దు, ఏం వద్దు. నా మాటిను."

"ఓహో, నువ్వు గూడ వాళ్ల దిక్కేనా? నా ఇజ్జత్ పోతే నీకేం ఫికర్ లేదు!"

ఇంకో మాటకు సందివ్వకుండా ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి లైవ్ పెట్టేశాడు. నిమిషంలో మూడు వందల మంది చేరారు. తెర నిండా నవ్వే బొమ్మలు, జొన్నరొట్టెలు.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. ఈమెనే మా అక్క. చెప్పక్కా, తెర మీద ఏముంటే గదే సదివినవ్ గదా?"

అంబిక ఫోన్ వైపు చూడలేదు. తమ్ముడి మొహంలోకే చూసింది.

"లేదుర."

"ఏంది?"

"నాకప్పుడు తొమ్మిదేండ్లు. యాలాల్ బడిల నాలుగో తరగతి. ఏబీసీడీలు మనకు ఐదుల గద షురువు? ఏం సదువుత నేను? నువ్వేమో 'ఏం రాసిండ్రక్కా, ఏం రాసిండ్రక్కా' అని పానం దీస్తివి. నోటికొచ్చింది చెప్పిన."

తెర మీద నవ్వులు వరదలా పారాయి. మహేందర్ మొహం కందగడ్డయింది. ఫోన్ లాగి మంచమ్మీద బోర్లా పడేశాడు.

"అంటే గిన్నేండ్లు నన్ను పిచ్చోన్ని జేసినవా? ముసలమ్మ అబద్ధం, తమ్ముడు అబద్ధం. సరే, పోనీ! ఛానల్ గూడ పోనీ! అమ్మ వాపసొస్తదని ఎందుకు జెప్పినవ్? సదువొస్తలేకుండె గదా, మరి అమ్మ ముచ్చటెందుకు తీసినవ్? చెప్పు!"

"నేను తియ్యలే. నువ్వే తీసినవ్," అంది అంబిక. కోపమంతా దిగిపోయింది. "మొదటి బొమ్మల ఒకామె పండుకొని ఉంటది, పక్కన పిలగాడు కూసుంటడు. 'అమ్మకేమైందక్కా' అని నువ్వడిగినవ్. గా బొమ్మ కింద నాకు ఎరుకైన మాట ఒక్కటే. 'డెడ్'. గా పొద్దుగాలనే దవాఖానల మన అమ్మ చీటి మీద గదే రాస్తే, ఏందని నర్సమ్మను అడిగిన. నీకింకా ఎవ్వరు చెప్పలే."