గట్టు గళ్ళు

“అరవై నాలుగు గళ్ళ చదరంగానికి నూట ఇరవై గళ్ళెందుకమ్మా? మిగతావాటిలో రొయ్యలు పెంచుతావా?” అని హెచ్ఓడీ కాంతారావు అనేసరికి ల్యాబంతా ఘొల్లుమంది.

మాధవీలత నవ్వలేదు. ఆమెది కృత్తివెన్ను. వాళ్ళకి నిజంగానే రొయ్యల చెరువులున్నాయి.

“అవి గట్టు గళ్ళు సార్. చెరువు చుట్టూ గట్టేసినట్టు బోర్డు చుట్టూ వేశాను. పావు గట్టెక్కితే ఆ ఎత్తు చెల్లదని ప్రోగ్రాముకి వెంటనే తెలిసిపోతుంది.”

“పాత చింతకాయ పచ్చడి!” కాంతారావు కాలరు సర్దుకున్నాడు. బందరు మొత్తం మీద చదరంగం ప్రోగ్రాములంటే తన తరవాతే ఎవరైనా అని ఆయన నమ్మకం. గుడివాడ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చిన జయకృష్ణ ముందు ఆ నమ్మకం ఇంకాస్త ఉబ్బింది. “నా ప్రోగ్రాములో గడికో బిట్టు సార్, పావుంటే ఒకటి, లేకపోతే సున్నా. అరవై నాలుగు బిట్లూ కలిపి ఒకే అంకె. తెల్లబంట్లన్నీ ఆ ఒక్క అంకెలో ఒదిగిపోతాయి. ఈ అమ్మాయిది ఒక్కో గడీ తడుముకునేలోపు నాది ఊరు చుట్టి వస్తుంది.”

“అయితే రెండిటికీ ఆట పెడదామా?” అన్నారు జయకృష్ణ.

“పెట్టండి. ఓడిపోతే ప్రాజెక్టు ఫెయిలేనమ్మా. ఇంకో ఏడాది కూర్చుని చేద్దువుగాని.”

మాధవీలత తల దించలేదు. “సరే సార్” అంది.

కాంతారావు ప్రోగ్రాము తెల్లపావులతో ఆడింది. రెప్పపాటులో ఎత్తు వేసేస్తోంది. మాధవీలతది ఎత్తుకి మూడేసి సెకన్లు నానుస్తోంది. కాంతారావు అందరి మొహాలూ చూసుకుంటూ మీసం దువ్వుతున్నాడు. తొమ్మిదో ఎత్తులో, కుడి అంచున ఉన్న తెల్లబంటు ఉన్నట్టుండి మాయమై, ఎడమ అంచున ఉన్న నల్లబంటుని చంపి దాని గడిలో కూర్చుంది.

మాధవీలత ప్రోగ్రాము ‘చెల్లని ఎత్తు’ అని చూపించి ఆగిపోయింది.

జయకృష్ణ కళ్ళజోడు సవరించుకుని, “కాంతారావుగారూ, మీ బంటు హంసలదీవిలో మునిగి గుడివాడలో తేలిందండీ!” అన్నారు.

ఈసారి ల్యాబు నవ్వింది కాంతారావుని చూసి.

“అంతా ఒకే అంకె కదా సార్, ఒక వరుస చివరి బిట్టు పక్కనే తరవాతి వరుస మొదలైపోతుంది. మధ్యలో గట్టు లేదు. అంచు దగ్గర మనమే కాపలా కాయాలి. ఆ ఒక్క చెకింగ్ పెట్టుకుంటే మీదే ఫాస్టు” అంది మాధవీలత. గెలిచిన గర్వం ఆమె మొహంలో దాగలేదు, దాచుకోవాలనీ ఆమె అనుకోలేదు.

కాంతారావుకి ఒళ్ళు మండిపోయింది. “ఇది నీ బుర్రలో పుట్టింది కాదు. ఏ ప్రాజెక్టు సెంటర్లో కొన్నావ్?”

“ప్రతి లైనూ నేనే రాశాను సార్. గట్టు పద్ధతి మాత్రం మన లైబ్రరీలో పాత ప్రాజెక్టు రిపోర్టు చదివి నేర్చుకున్నాను.” ఆమె కాస్త తటపటాయించింది. “అది... తెమ్మంటారా సార్?”

“తీసుకురా! మా రోజుల్లో సగంమంది విజయవాడలో కొనుక్కొచ్చి, లోపలేముందో చూడకుండానే సంతకం పెట్టి ఇచ్చేసేవాళ్ళు. ఇదే ల్యాబులో కూర్చుని సొంతంగా రాసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది ఎవడు కొన్న సరుకో ఇప్పుడే తేలిపోతుంది. పేరు మీరే పైకి చదవండి సార్!”

మాధవీలత పరుగున వెళ్ళి నల్ల అట్ట రిపోర్టు ఒకటి తెచ్చి జయకృష్ణ చేతిలో పెట్టింది. ఆయన మొదటి పేజీ తిప్పి, అందరికీ వినపడేట్టు చదివారు.

“సమర్పించినవారు, బొల్లా కాంతారావు, ఫైనలియర్.”