తల వెనక సూది

"కదలొద్దమ్మా," అంది డాక్టరమ్మ.

భువన తల వంచి బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ జడ పక్కకు తీసి, తల వెనక వేలితో నొక్కుతూ వచ్చింది. ఒకచోట భువన ఉలిక్కిపడింది. సూది అక్కడే దిగింది.

"నొప్పిని మోసే నరం పక్కన మందు వేశాను. కాసేపటికి ఆ చోటు మొద్దుబారుతుంది. చాలామందికి తలనొప్పి తగ్గుతుంది. కొందరికి మొదటిసారి తగ్గకపోవచ్చు. తగ్గకపోతే దాచకుండా చెప్పు, వేరే మందు చూద్దాం."

"తగ్గకుంటే ఏం చేయాలో నేను చూసుకుంటాలే మేడం," అన్నాడు గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె తండ్రి హనుమేష్. "కాలేజీ మాన్పిస్తా. ఆ పుస్తకాలు పట్టినప్పట్నుంచే పాపకు ఈ రోగం."

"చదువుకూ దీనికీ సంబంధం లేదండీ."

"మీకు తెల్దు మేడం. ఎండన్నా నొప్పే, పక్కింట్లో మిక్సీ తిరిగినా నొప్పే. పనికి పిలిస్తే ఇంకా నొప్పి."

భువనకు ఏడుపొచ్చింది. రెండేళ్లుగా ఇదే వరస. శొంఠి పట్టు వేశారు. దిష్టి తీశారు. పరీక్షల ముందు అందరికీ వస్తుందని కాలేజీలో సారు నవ్వాడు. కాలికి పుండైతే పావడా ఎత్తి చూపించేది. తల లోపలున్నది ఎలా చూపించాలి?

బయట బెంచీ మీద కూర్చున్నాక కూడా హనుమేష్ ఊరుకోలేదు.

"మీయమ్మను చూసి నేర్చుకో. పెండ్లయిన కొత్తలో ఆమెకూ ఇదే తలనొప్పి. మీ అవ్వ ఊరుకుంటాదా? 'ఈ రోగిష్టి కోడలు నాకొద్దు, పుట్టింటికి తోలేయి' అనె. కడాకు గోపన్న తాత కాడికి తీస్కపోయి కణతలకు రెండు వాతలు పెట్టిస్తి. తెల్లారి చూస్తే, లేసి రొట్టెలు కొడతాండాది! ఇంక ఈ పొద్దు వరకూ తలనొప్పి అనే మాట ఆమె నోట్లో రాలేదు."

ఆ మచ్చలు భువనకు తెలుసు. శనగబద్దంత ఉంటాయి, కణతకొకటి.

"తిరణాలకు రాదు, అదొక్కటే పేచీ," అని నవ్వాడు హనుమేష్. "అహోబిలం పోయినా మొగం మింద కొంగేసుకోని పండుకునె. ఉత్త నిద్రమొగం."

"నాయనా, నాది దొంగనొప్పి కాదు."

"కాకపోతే తగ్గల్ల గదా? అంత సూది ఏసినారు. తగ్గిందా, లేదా?"

భువన తల వెనక తాకి చూసుకుంది. ఇంకెవరి తలనో తాకినట్టుంది. ఒళ్లో ఉన్న కెమిస్ట్రీ పుస్తకం జారబోతే పట్టుకుంది.

"తగ్గింది నాయనా."

"చెప్పలా నేను!" హనుమేష్ మొహం విప్పారింది. "సోమవారం నుంచి కాలేజీకి పో. ఇంక తలనొప్పి అన్నావంటే సూడు."

బస్టాండులో బజ్జీలు కొనిచ్చాడు. బస్సులో పక్కవాళ్లకు చెప్పాడు. ఊళ్లో దిగాక, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. "ఒక్క సూదికే ఎగిరిపాయ!"

వాకిట్లో చేటలో కందులు చెరుగుతున్న సోమక్క కూతురి మొహం వైపు ఒకసారి చూసింది.

హనుమేష్ చేనికి వెళ్లాక, భువన వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది. చల్లటి కడప బండ మీద బోర్లా పడుకుని నుదురు ఆనించింది. మొద్దుబారింది పైచర్మమే. లోపల నొప్పి పొద్దున ఎంతుందో అంతే ఉంది.

తలుపు కిర్రుమంది. భువన గబుక్కున లేచి కూర్చుంది.

"తగ్గిందమ్మా. నిజంగా తగ్గింది. ఊరికే పండుకున్నా."

సోమక్క కిటికీకి పాత చీర అడ్డం కట్టింది. జొన్నల మూటల వెనక చెయ్యి పెట్టి గుడ్డ ఒకటి తీసింది. అది అప్పటికే తడిగా ఉంది. దాన్ని భువన తలకు బిగించి కట్టింది. ముడి ఎక్కడ పడాలో ఆ చేతులకు తెలుసు. తర్వాత పక్కనే పడుకుని, కణత మీది మచ్చను బండకు ఆనించి కళ్లు మూసుకుంది.

"నాకూ ఇట్లనే తగ్గింది పాపా."