తాడు అవతల పెట్టు

సోమలింగం కుడి చేతిలో ఇనుప రాడ్డు ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎడమ చేతికి కట్టు ఉంది.

పరాయి రాష్ట్రంలోని కడోదరాలో మగ్గాల మిల్లు వెనక ఇరుకు గది అది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన సోమలింగం పడుకోకుండా, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. గదిలో అతనికి ఎదురుగా మిగిలింది పరుశురాం ఒక్కడే. తక్కిన వాళ్లంతా గుమ్మం బయట గుంపుగా నిలబడి చూస్తున్నారు. లోపలికి అడుగు పెట్టే మొనగాడు ఒక్కడూ లేడు. బిక్షపతి మాత్రం ఎక్కడినుంచో తాడు తెచ్చాడు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ బట్ట నేసే వీళ్లకు తెలిసిన వైద్యం ఒకటే. మనసు చెదిరిన మనిషిని నలుగురూ పట్టి కట్టేయడం, తెల్లారి ఊరి రైలెక్కించడం. పోయిన సెలవు రోజున లత డాక్టరమ్మ ఈ గదికే వచ్చి, అలా చేయకండయ్యా అని పొద్దుపోయేదాకా నేర్పింది. అంతా బుద్ధిగా తలలూపారు. తీరా అవసరం వచ్చేసరికి ఒక్కడికీ ఒక్క ముక్కా గుర్తు లేదు.

పరుశురాంకు గుర్తుంది.

అతని తల లోపల మగ్గాల మోత ఆగడం లేదు. ఆ రాడ్డు ఒక్కసారి లేస్తే ప్రాణం పోతుంది, అదీ తనదే. అయినా దాన్ని లాక్కోవాలని చూడలేదు. ఎదురుగా నిలబడకూడదని డాక్టరమ్మ చెప్పింది. పక్కకు జరిగాడు. తలుపుకు అడ్డం ఉండకూడదనీ చెప్పింది. ఇంకొంచెం జరిగి, అరచేతులు కనపడేలా పెట్టి మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"సోమన్నా, నేను దగ్గరికి రాను. ఈడనే కూసుంట."

"నువ్వు నన్ను సంపుతవు. నాకు ఎర్కే," అన్నాడు సోమలింగం.

కాదని వాదించకూడదు. అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే. పరుశురాం నెమ్మదిగా అన్నాడు.

"గట్ల అనిపిస్తుంటే భయంగాక ఏమైతదన్నా. నిద్రెట్ల పడ్తది."

సోమలింగం చేతిలో రాడ్డు కొంచెం కిందికి దిగింది. అంతలో బిక్షపతి తాడు విప్పుకుంటూ గుమ్మం దాటబోయాడు.

"తాడు అవతల పెట్టు బావా," అన్నాడు పరుశురాం తల తిప్పకుండా. "జర మాట్లాడుకోనియ్యి."

బిక్షపతి ఆగిపోయాడు.

చాయ్ తాగుతావా, నీళ్లు తాగుతావా అని పరుశురాం అడిగాడు. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే మనిషి కాస్త కుదుటపడతాడట. సోమలింగం నీళ్లన్నాడు. చెంబు మధ్యలో పెట్టి, పరుశురాం మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. కట్టు ఉన్న చేత్తో చెంబు లేవదు. సోమలింగం రాడ్డు వదిలేశాడు. నీళ్లు తాగి, గోడవారగా చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పరుశురాంకూ ఏడుపొచ్చింది.

మతి చెదిరి సోమలింగం చేతిని కత్తెరతో కోసిన పరుశురాంను, మళ్లీ అలా అయితే ఎలా ఊరడించాలో ఆ సెలవు రోజున డాక్టరమ్మ వాళ్లకు నేర్పుతుంటే, మాత్ర మింగి నిద్రపోతున్నాడని అంతా అనుకున్న ఆ పరుశురామే గోడవైపు తిరిగి పడుకుని ప్రతి మాటా విన్నాడు.